చర్చ: మాత్ర ఆపకుండా వేసుకోవడానికి మిమ్మల్ని నిలబెట్టింది ఏది?

మిర్చియార్డ్_అక్క:
తమ్ముడికి హెచ్‌ఐవీ అని తేలి రెండేళ్ళవుతోంది. ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రం) టీఎల్‌డీ అనే మూడు మందులు కలిసిన మాత్ర ఫ్రీగా ఇస్తున్నారు, రోజుకు ఒక్కటే. కానీ సంబంధం తప్పిపోయినప్పటి నుంచి "ఎవరి కోసం వేసుకోవాలక్కా" అంటున్నాడు. సెంటర్‌లో మిగిలిన మాత్రలు లెక్కపెడతారని, ముందు రోజే వాటిని పారబోసి ఖాళీ సీసా పట్టుకెళ్తున్నాడని మొన్ననే తెలిసింది. తిట్టి చూశాం, ఏడ్చి చూశాం. మీ అనుభవాలు చెప్పండి.

పాతకాపు:
అమ్మా, 2004లో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తొలి రోజుల్లో చేరినవాణ్ణి నేను. అప్పుడు పొద్దునొకటి, రాత్రొకటి. స్టావుడిన్‌తో నా బుగ్గలు లోపలికి పోయాయి, ముఖం చూసే జనం ఊహించేసేవాళ్ళు. తర్వాత జిడోవుడిన్ ఇస్తే గోళ్ళు నల్లబడ్డాయి, ఒంట్లో రక్తం తగ్గిపోయింది. ఎఫావిరెంజ్ వేసుకున్న రాత్రి వచ్చే కలల గురించి చెప్పక్కర్లేదు, వాడినవాళ్ళకి తెలుసు.

అయినా మానలేదు. నాది పెద్ద ధైర్యమేం కాదు. మా పాప అప్పుడు ఒకటో క్లాసు. పదో తరగతి గట్టెక్కేదాకా ఉంటే చాలనుకున్నా. అదయ్యాక ఇంటర్ అనుకున్నా, ఆ తర్వాత నర్సింగ్. అలా గడువు పెంచుకుంటూ వస్తున్నా. డాక్టరుగారు "అందరిలాగే నిండు నూరేళ్ళూ బతకొచ్చయ్యా" అంటే నాకేమీ అనిపించలేదు. నూరేళ్ళు పెట్టుకుని ఏం చేసుకోను? పాప మార్కుల లిస్టు మాత్రం కళ్ళ ముందు కనపడేది. మీవాడికీ అలాంటిది, ఈ ఏడాదిలో అయ్యే పని ఏదైనా ఉందేమో చూడండి.

లారీ_రూట్:
అన్న చెప్పింది నిజం. నాకైతే ఫైనాన్స్ వాయిదాలు. బండి నా పేరు మీదికి రావాలి, అంతే. సీసా గలగలమంటే క్లీనర్ అడుగుతాడని లోపల దూది కుక్కుతా.

నీలి_గాజులు:
ఆశ ఉంటే చాలనకండి. ఏ ఆశ అన్నదీ చూడాలి. మా బావకి ఒక నాటువైద్యుడు "నెగెటివ్ రిపోర్ట్ గ్యారంటీ" అని పసరు పోశాడు. పత్యం, పైగా ఇంగ్లీషు మందు ముట్టుకోకూడదట. మొదట్లో ఏమీ కాలేదు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. అదే కొంప ముంచింది. టీబీ పట్టుకున్నాక మళ్ళీ సెంటర్‌కి మోసుకెళ్ళాం. పాత మందులు పనిచేయట్లేదని సెకండ్ లైన్‌కి, అంటే మొదటివి పనిచేయనప్పుడు ఇచ్చే వేరే మందులకి మార్చారు. బావకి ఆశ లేక కాదు, మరీ ఎక్కువై మందు మానేశాడు.

కౌన్సెలర్_ఒకరు:
నేనూ ఇవి రెండూ చూస్తుంటా. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే లెక్క) "కనపడలేదు" అని రాగానే జబ్బు పోయిందని మానేసేవాళ్ళూ ఉన్నారు. వైరస్ కొన్ని కణాల్లో నక్కి ఉంటుంది, మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్ళీ లేస్తుంది. అప్పుడొకటి ఇప్పుడొకటి వేసుకుంటే ఆ మందుకే లొంగకుండా తయారవుతుంది. కనీసం 95 శాతం డోసులు వేసుకోవాలని మేం అడిగేది అందుకే. రోజుకొక మాత్రైతే నెలలో ఒకటి మించి పోకూడదు.

అక్కా, తమ్ముడికి రెండు మాటలు చెప్పండి. మందు సరిగ్గా వాడి, వైరల్ లోడ్ కనపడని స్థాయికి వచ్చి ఆరు నెలలు అలాగే నిలబడితే, కలయిక ద్వారా భాగస్వామికి వైరస్ అంటదు. ఇది ఊరడింపు కాదు, పెద్ద పరిశోధనల్లో తేలిన విషయం. విషయం దాచకుండా చెప్పి పెళ్ళి చేసుకున్నవాళ్ళు, నెగెటివ్ పిల్లల్ని ఎత్తుకుని మా దగ్గరికొచ్చేవాళ్ళు ఉన్నారు. రెండోది, మాత్ర పారబోసిన సంగతి తనే చెప్తే తిట్టకండి. తిడితే ఈసారి ఇంకా బాగా దాస్తాడు. నిద్ర లేక, తిండి సయించక, దేని మీదా మనసు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు, మంచి మాటలతో పోదు. ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి.

పొలంగట్టు:
ఆశ సరే, చార్జీలో? కూలి పోగొట్టుకుని లైన్లో నిలబడాలి. నిలకడగా ఉన్నానని నాకు మూడు నెలలకి ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టాక డోసు తప్పలేదు. అంతకుముందు తప్పిన రోజుల్లో నా ఆశకేం తక్కువ లేదు, జేబులో డబ్బులే లేవు.

మిర్చియార్డ్_అక్క:
అందరికీ దండాలు. పిల్లల సంగతి చదివి వినిపించాను. "నిజమేనా" అని రెండుసార్లు అడిగి, వైరల్ లోడ్ టెస్ట్ ఎప్పుడో కనుక్కోమన్నాడు. సోమవారం వెళ్తున్నాం, సీసా ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్తానన్నాడు. ఒక డౌటు, నీరసమని ఐరన్ మాత్రలు కూడా వాడుతున్నాడు, రెండూ ఒకేసారి వేసుకోవచ్చా?

కౌన్సెలర్_ఒకరు:
ఖాళీ కడుపుతో కలిపి వద్దు. ఐరన్, కాల్షియం ఈ మందుని ఒంటికి పట్టనివ్వవు. అన్నంతో అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. లేదంటే టీఎల్‌డీ ముందు వేసుకుని రెండు గంటలు ఆగి ఐరన్. ఐరన్ ముందే వేసుకుంటే ఆరు గంటలు ఆగాలి. సోమవారం డాక్టరుకి కూడా ఆ మాత్ర చూపించండి.