అప్‌డేట్: ఏసీ వేస్తే ఎలక్ట్రిక్ కారు రేంజ్ పడిపోవడానికి కారణం దొరికింది

విజయవాడ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగితే నా ఎలక్ట్రిక్ కారు రేంజ్ (ఒకసారి ఛార్జ్ చేస్తే నడిచే దూరం) నిరుటి వేసవికంటే బాగా తగ్గిందని, చల్లదనం కూడా చాలడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. ఏసీ గ్యాస్ లీకును, కండెన్సర్‌ను (ఏసీ వేడిని బయటికి వదిలే, కారు ముందుండే భాగం) చూపించమన్నవారి మాటే నిజమైంది.

ముందు బంపర్ విప్పగానే కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, ఎండుటాకుల పొడి అట్టకట్టి కనిపించాయి. పైపు జాయింటు దగ్గర ఓ-రింగు (గ్యాస్ లీకు కాకుండా ఆపే రబ్బరు రింగు) గట్టిపడి పగిలింది, దాని చుట్టూ జిడ్డు మరక ఉంది. గ్యాస్ తగ్గి, వేడి బయటికి పోయే దారీ మూసుకుపోవడంతో, బ్యాటరీ కరెంటుతో నడిచే కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను ఒత్తిడితో తిప్పే పంపు) ఎప్పుడూ ఎక్కువ వేగంతోనే తిరుగుతూ వచ్చిందట. కండెన్సర్ కడిగి, రింగు మార్చి, వ్యాక్యూమ్ పెట్టి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి), కంపెనీ చెప్పిన తూకం ప్రకారం గ్యాస్ నింపారు. కంప్రెసర్ లోపలే హైవోల్టేజి మోటారు ఉంటుంది కాబట్టి, ఈ కారు కంప్రెసర్‌కు పీఓఈ అనే రకం నూనె మాత్రమే వాడాలని, మామూలు కార్ల ఏసీల్లో పోసే పీఏజీ రకం నూనె కలిస్తే ఇన్సులేషన్ (కరెంటు బయటికి పాకకుండా ఆపే పూత) దెబ్బతింటుందని మెకానిక్ గట్టిగా చెప్పారు. బయట గ్యాస్ పట్టించేవారు ఈ విషయం తప్పక అడగండి.

బ్యాటరీ ఆరోగ్యం, టైర్లలో గాలి సరిగానే ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. నష్టం ఊళ్లోనే ఎక్కువగా కనిపించడానికి లెక్క ఉంది: ఏసీ గంటకు ఒక యూనిట్ (1000 వాట్-అవర్లు) తీసుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకు 50 వాట్-అవర్లు ఖర్చవుతాయి, 80 కిలోమీటర్ల వేగంలో 12.5 మాత్రమే. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగినా గాలి చల్లగానే వస్తోంది, రేంజ్ కూడా మునుపటిలాగే ఉంది.