టమాటా ఎండు తెగులు: ముందు మందా, ముందు పరీక్షా?

నారుమడి:
పూత మీదున్న టమాటా. పొద్దున నిటారుగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తలవాల్చేస్తోంది, ఆకు మాత్రం పచ్చగానే ఉంటోంది. తెలిసినాయన శిలీంధ్రానికి కార్బండజిమ్, బాక్టీరియాకి స్ట్రెప్టోమైసిన్ కలిపి కొట్టమన్నాడు, తెగులేదైనా రెండిట్లో ఒకటి పట్టుకుంటుందట. కొట్టాను. అయినా రోజూ ఇంకొన్ని పోతున్నాయి. పరీక్ష అంటూ కూర్చుంటే ఈలోపు తోట మిగులుతుందా?

ఎర్రనేల:
పరీక్షకి ల్యాబే అక్కర్లేదు తమ్ముడూ. వాడిన మొక్క కాండం నేలకి దగ్గరగా కోసి, గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన చివర మునిగేలా కదపకుండా పట్టుకో. కాసేపటికి పాలలాంటి దారాలు కిందికి జారితే అది రాల్‌స్టోనియా బాక్టీరియా. దారాలు రాకుండా, కింది ఆకులు ముందు పసుపెక్కి, కాండం చీలిస్తే గోధుమరంగు చారలు కనిపిస్తే ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని అనుమానించాలి. బాక్టీరియా అయితే నీళ్లు మోసే నాళాల్లో ఉంటుంది, ఆకు మీద ఏం కొట్టినా దండగే.

వానమబ్బు:
అన్నిటికీ ముందు పరీక్షే అంటే ఒప్పుకోను. ఆకు మాడ్చే లేట్ బ్లైట్ తెగులు సంగతేంటి? చల్లగా ముసురు పట్టినప్పుడు ఆకు అడుగున తెల్ల బూజు చూశాక కూడా రిపోర్టు కోసం ఆగితే వారం, పది రోజుల్లో తోట మాడిపోతుంది. రాగి మందైనా మాంకోజెబ్ అయినా తెగులు రాకముందు ఆకు మీద ఉంటేనే కాపాడేది.

ఎర్రనేల:
బూజు చూసి గుర్తుపట్టారు కదండీ, అది పరీక్ష కాక మరేంటి? పైగా లేట్ బ్లైట్ తెచ్చేది అసలు శిలీంధ్రమే కాదు, శిలీంధ్రంలా కనిపించే ఊమైసీట్ అనే వేరే జీవి, దాని మీద కార్బండజిమ్ పనిచేయదు. ఆ "రెండు కలిపి" సలహా పాటించి ఉంటే మీ తోటా పోయేది. ఇక స్ట్రెప్టోమైసిన్ అంటారా, టమాటా, మిరపల్లో ఆకుమచ్చ తెచ్చే బాక్టీరియా 1960ల్లోనే దానికి లొంగడం మానేసింది.

నారుమడి:
గ్లాసులో దారాలొచ్చాయి అన్నా. ఏ మందూ లేదా?

ఎర్రనేల:
వాడిన మొక్కకి లేదు. వేర్లతో సహా పీకి తోట బయట పడెయ్, అక్కడి నీళ్లు పక్క సాళ్లలోకి పోనివ్వకు, పార, కత్తి కడుగు. నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి ఆ మడిలో వంగ, మిరప, బంగాళాదుంప వద్దు, మొక్కజొన్న వేసుకో. మళ్లీ టమాటాయే కావాలంటే తెగులు తట్టుకునే వంగ మొదలు మీద అంటుకట్టిన నారు చూడు.

వానమబ్బు:
అంటు నారు ఖరీదు మామూలు నారు కంటే చాలా ఎక్కువ, అదీ చెప్పండి. పైగా అతుకు మట్టిలో మునిగేలా నాటారంటే పైన ఉన్న టమాటా కాండానికే వేళ్లొచ్చి తెగులు మళ్లీ ఎక్కుతుంది, నాకు మొదటిసారి సగం మొక్కలు అలాగే పోయాయి.