పల్లె ఇంటికి రెండు గుంతల మరుగుదొడ్డా, సెప్టిక్ ట్యాంకా?

వరంగల్ వాసి:
స్వచ్ఛ భారత్ కింద ఇంటికి 12,000 రూపాయలిచ్చి కట్టించిన మరుగుదొడ్లకు కేంద్రం ప్రధానంగా సిఫారసు చేసింది రెండు గుంతల పద్ధతినే. అయినా కాస్త స్తోమత ఉన్నవారంతా మా వైపు సెప్టిక్ ట్యాంకే కట్టించుకుంటున్నారు. ఇది పొరపాటని నా వాదన. ఒక గుంత నిండగానే మలాన్ని రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచితే లోపలిదంతా వాసన లేని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మా జిల్లాలోని గంగదేవిపల్లికి వచ్చి, స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువును తోడి చూపించారు.

లంక రైతు:
మీది మెరక నేలండీ. మా కోనసీమలో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అడుగు కట్టని గుంత ఆ నీటితోనే నిండి, పక్కనున్న చేతిపంపును పాడుచేస్తుంది. ఇంకొక మాట. కార్యదర్శి దిగితే పత్రికల్లో ఫొటోలు వచ్చాయి గాని, మా ఊళ్లో గుంత నిండితే కబురు ఏ పేటకు వెళుతుందో అందరికీ తెలుసు. మట్టిలా మారిందని ఎంత చెప్పినా ఇంటి యజమాని పార పట్టడు.

వరంగల్ వాసి:
నీటిమట్టం విషయం ఒప్పుకుంటున్నాను. కులం మాటకు వస్తే మాత్రం, సెప్టిక్ ట్యాంకు ఆ పనిని తప్పించడం లేదు, ప్రాణాంతకం చేస్తోంది. రక్షణ లేకుండా మనుషులను ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించినా చావులు ఆగలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచవలసి వచ్చింది. పైగా మా వీధి ట్యాంకుల్లో చాలావాటికి ఇంకుడు గుంతే లేదు. గొట్టం మురుగు కాలువలో తేలుతుంది, కాలువ చెరువులో కలుస్తుంది. తోడటానికి వచ్చిన ట్యాంకరు చీకటి పడ్డాక ఊరి చివరి బీడులో ఒంపి పోతుంది.

పాత మేస్త్రి:
ఇద్దరూ అసలు లోపాన్ని వదిలేశారు. నేను బాగుచేసిన రెండు గుంతల దొడ్లలో చాలావాటికి మళ్లింపు గది, అంటే మలాన్ని ఏ గుంతకు పంపాలో మార్చే చిన్న గది, లేదు. బిల్లు కోసం గుంతలు రెండూ తవ్వి, మొదటిదాని పైనుంచి రెండోదానికి గొట్టం వేశారు. రెండూ ఎప్పుడూ తడుస్తూ ఉంటే ఏదీ మాగదు. ఆ గదిలో ఒక దారిని, గోనెసంచి పీలిక చుట్టిన ఇటుకతో మూసేస్తే పని జరుగుతుంది. లంక రైతు గారి నేలలో గుంతను నేలమట్టానికి పైకి లేపి, చుట్టూ ఇసుక పోసి కట్టవచ్చు, కాని దానికి 12,000 చాలదు.

లంక రైతు:
మా పెరట్లో చేతిపంపు పదడుగుల దూరంలోనే ఉందండీ.

పాత మేస్త్రి:
అయితే అక్కడ కట్టకండి. కనీసం పది మీటర్లు వదలాలి.