రావణాసురుడి మీసాలు: ఒక ఇసుక గడ్డి పేరు

సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద పెరిగే ముళ్ళ గడ్డిని ‘రావణాసురుడి మీసాలు’ అనడం పిల్లలు సరదాకు కల్పించుకున్న మాటా, లేక ఆ మొక్కకు నిజంగా ఉన్న పేరా అని ఒక మిత్రులు అడిగారు. అది నిజమైన పేరే. వృక్షశాస్త్రజ్ఞులు స్పినిఫెక్స్ లిట్టోరియస్ అనే గడ్డికి మన తీరంలో వాడుకలో ఉన్న పేరది. తమిళ తీరంలోనూ దీన్ని ‘రావణన్ మీసై’ అనే అంటారు కనుక, ఒకే ఒడ్డును పంచుకున్న రెండు భాషలవారి మధ్య తిరిగిన పోలికగా నేను దీన్ని భావిస్తున్నాను.

మీసాలు అన్నది మొక్కలో ఏ భాగాన్ని చూసి అన్నమాట అన్నదే అసలు ప్రశ్న. ఆకులు బిరుసుగా, అంచులు లోపలికి చుట్టుకుని, కొన సూదిలా ఉంటాయి. పోలికకు అవి చాలునని కొందరు అంటారు. నాకు మాత్రం ఆడ మొక్క పూగుత్తే ఆ పేరుకు మూలమనిపిస్తుంది. ఈ గడ్డిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ మొక్కకు మనిషి తలంత బంతి కాస్తుంది. దాని నడిమి నుంచి జానెడు పొడవు సూదులు నలువైపులా నిక్కి నిలబడతాయి, ఒక్కొక్క సూది మొదట్లో ఒక్కొక్క గింజ ఒదిగి ఉంటుంది. ఎండిన బంతి తెగి గాలికి ఇసుక మీద దొర్లుతూ పోయి గింజలను వెదజల్లుతుంది. చిన్నప్పుడు వాటి వెంట పరుగెత్తి, పట్టుకోబోయి వేళ్ళు గుచ్చుకున్న నాకు అవి రాక్షసుడి మీసాలు కావని ఎవరు చెప్పినా నమ్మబుద్ధి కాదు.

సీతమ్మ జడ, సీతమ్మ పోగునూలు వంటి పేర్లలో సీత పేరు చేరిన మొక్కలు మెత్తనివి. గుచ్చే మొక్కకు రావణుడి పేరు దక్కడంలో పేరు పెట్టినవారి చూపు తెలుస్తుంది. ‘మీసము’లోని ‘మీ’ని మీద, మీగడ, మీగాలు అన్న మాటలలోని ‘పైభాగం’ అనే అర్థంతో కలిపి చూడవచ్చునని నా అభిప్రాయం. ‘రావణాసురుని’ అని రాయాలా, ‘రావణాసురుడి’ అని రాయాలా అన్న సందేహానికి, గ్రాంథికంలో మొదటిది, వాడుకలో రెండవది అని చెప్పుకుంటే చాలు.

ఇక పేరు సంగతి అలా ఉంచి, ఈ గడ్డి సముద్రపు ఉప్పును తట్టుకునే గుణం చూద్దాం. తీరపు ఉప్పు బురద నేలల్లో పెరిగే ఇలకూర అనే మొక్క ఉప్పునీటిని పీల్చి కండగల ఆకుల్లో దాచుకుంటుంది. ఈ గడ్డి ఉండే దిబ్బల్లో అంత ఉప్పు నిలవదు, వాన పడితే ఇసుకలోని ఉప్పు కిందికి దిగిపోతుంది. దీనికి ఉప్పు గాలిలో, కెరటాల తుంపరతో వస్తుంది. బిరుసైన ఆకు దాన్ని ఓర్చుకుంటుంది. అంతకంటే గొప్ప గుణం, ఇసుకలో పూడిపోయినా చావకపోవడం: కప్పబడిన కణుపుల దగ్గర వేళ్ళు దిగి, కొత్త పిలకలు పైకి లేస్తాయి. అలా లేచిన ప్రతిసారీ దాని చుట్టూ ఇంకాస్త ఇసుక ఆగి దిబ్బ పెరుగుతుంది. పక్కనే పాకే బాలబంద తీగ కూడా ఇదే పని చేస్తుంది.

స్పినిఫెక్స్ అంటే లాటిన్‌లో ‘ముల్లు చేసేది’, లిట్టోరియస్ అంటే ‘ఒడ్డుకు చెందినది’ అని అర్థం. అయితే ఆస్ట్రేలియాలో స్పినిఫెక్స్ అని జనం పిలిచేది ఎక్కువగా లోపలి ఎడారుల్లోని ట్రయోడియా అనే వేరే గడ్డిని. అందుకే మన పాఠాల్లో ఈ మొక్కకు స్పినిఫెక్స్ అని మాత్రమే రాసి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ‘ముళ్ళ గడ్డి’ అంటే అది ఏ గడ్డి అయినా కావచ్చు. ఉన్న తెలుగు పేరును ముందు రాసి, శాస్త్రీయ నామాన్ని దాని పక్కన ఉంచాలి.

శ్రీకాకుళం వైపు గాని, నెల్లూరు వైపు గాని దీనికి మరో పేరు విన్నవారుంటే, ఆ పేరుతో పాటు అది ఆకును ఉద్దేశించినదా, బంతిని ఉద్దేశించినదా అన్నది కూడా దయచేసి తెలియజేయండి.