ఆర్కయాన్ కవచం మీద ప్రైమర్ ఇసుకలా వచ్చింది, ఏం చేయాలి?

సీమకుంచె, అనంతపురం:
అందరికీ నమస్కారం. వార్‌హామర్ అనే బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలోని ఆర్కయాన్ అనే యోధుడి బొమ్మ కోసం ఏడాది పాటు డబ్బు దాచుకుని తెప్పించుకున్నాను. ఆయన ఎక్కే మూడు తలల మృగం డోర్‌ఘార్‌ను, పైన కూర్చునే ఆయన్ను అతికించకుండా విడిగానే ఉంచి, మొన్న ఆదివారం మధ్యాహ్నం మిద్దె మీద నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) స్ప్రే కొట్టాను. కవచమంతా గరుకుగా వచ్చింది. అంచుల్లోని సన్నటి చెక్కడం సగం పూడిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి. ఆట కథలో ఆ కవచం ఆర్కయాన్ కోసం చేసింది కాదు, చాలా ముందు మోర్కార్ అనే యోధుడు తొడిగింది. ఆర్కయాన్ కూడా ఒకప్పుడు సిగ్మార్ అనే దేవుణ్ణి కొలిచిన యోధుడే, తర్వాత ఎదురు తిరిగాడు. అందుకే కొత్తగా మెరిసే నలుపు నాకొద్దు. ఎన్నో యుద్ధాలు చూసిన ఇనుములా కనపడాలి. ఇదివరకు చిన్న బొమ్మలకు నలుపు వేస్తే తారు పూసినట్టే ఉండేది.

పాతటూత్‌బ్రష్, కడప:
తమ్ముడూ, ఇది ఎండ చేసిన పని. మే నెల మధ్యాహ్నం మన మిద్దెల మీద రంగు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోతుంది, ఆ పొడే వెళ్లి అంటుకుంటుంది. తెల్లవారుజామున, నీడలో, జానెడు దూరం నుంచి కొద్దికొద్దిగా కొట్టు. బొమ్మ గానీ డబ్బా గానీ ముందు రోజు ఎండలో ఉండకూడదు.

ఇప్పుడున్నది తీయాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దు. ఒక్కసారికి పోకపోతే మళ్లీ. గ్లవ్స్ వేసుకో, కిటికీ తెరువు, పొయ్యి దగ్గర పెట్టుకోకు. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అందులో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్ కరిగిపోతుంది. నా గుర్రం బొమ్మ కాలు ఒకటి అలాగే పోయింది, ఇప్పటికీ బాధే.

తుంగభద్ర, కర్నూలు:
నలుపు గురించి నేను చెప్తాను. అచ్చ నలుపు సీసా మూత తీయొద్దు. ముదురు నీలంలో కాస్త ముదురు గోధుమరంగు కలిపి పలచగా రెండు పూతలు వెయ్యి. తర్వాత బూడిద రంగుతో అంచులు మాత్రమే. కుంచె మొనతో గీయకు, పక్క భాగాన్ని అంచుకు ఆనించి లాగితే గీత తిన్నగా వస్తుంది. వెలుతురు పైనుంచి పడుతుంది కాబట్టి భుజాలకు, శిరస్త్రాణానికి ఎక్కువ, మోకాళ్ల కింద తక్కువ.

పాత ఇనుము కావాలంటే గిన్నెలు తోమే స్పాంజి ముక్క చించి, గోధుమరంగులో అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, కత్తి దెబ్బ తగిలే చోట్ల మాత్రం తాకించు. ఒళ్లంతా వేస్తే పాత ఇనుములా కనపడదు. వెనక గుడ్డకు ఎరుపు వేస్తే వెలుగు కోసం తెలుపు కలపకు, గులాబీ అయిపోతుంది. నారింజ కలుపు.

వీలుంటే లేపాక్షి వెళ్లి వీరభద్రస్వామి గుడి పైకప్పు చూడు. 16వ శతాబ్దపు ఆ చిత్రకారులు రూపాల చుట్టూ నల్ల గీత గీశారు. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి ఎర్రటి రంగు మీద మనిషి విడిగా తెలిసేది ఆ గీత వల్లే. మన బొమ్మను కూడా బల్లకు అవతలి నుంచే చూస్తారు. బంగారు అంచు, నల్ల రేకు కలిసే చోట అలాంటి సన్న గీత పెట్టు.

సీమకుంచె, అనంతపురం:
అన్నా, రంగు పాలెట్ మీదే ఆరిపోతోంది, ఫ్యాన్ ఆపినా అంతే.

పాతటూత్‌బ్రష్, కడప:
మూత ఉన్న స్వీట్ డబ్బాలో తడి టిష్యూలు మడిచి పరిచి, పైన బేకరీ వాళ్లు వాడే బటర్ పేపర్ వెయ్యి. రంగు దాని మీద కలుపుకో. మూత పెడితే మర్నాటికి కూడా పనికొస్తుంది.

సీమకుంచె, అనంతపురం:
ప్రైమర్ పోయింది, చెక్కడం మళ్లీ బయటపడింది! ఈ రోజు పొద్దున ఐదున్నరకు మళ్లీ కొట్టాను, నున్నగా వచ్చింది. ఎడమ భుజానికి నీలం నలుపు రెండు పూతలు అయ్యాయి. మా అమ్మ చూసి, "ఇది పాత ఇంటి తలుపు గొళ్లెంలా ఉందే" అంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే. రాత్రికి శిరస్త్రాణం మొదలుపెడతాను.