రెస్పాన్సిబిలిటీలో ఊనిక ఎక్కడ పడుతుంది?

మాస్టారూ, ఆంగ్ల పదంలో ఛందస్సు లెక్కన గురువున్న (దీర్ఘం గాని, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గాని ఉన్న) చోటే ఊనిక, అంటే నొక్కి పలకడం, పడుతుందన్న మీ సూత్రానికి 'యూనివర్సిటీ'ని ఉదాహరణగా చూపారు. శ్రీకాకుళం నుంచి యూనివర్సిటీ ఉన్న ఎచ్చెర్ల వెళ్లే బస్సుల్లో రోజూ వినబడే మాట కనుక అది ఇక్కడ అందరికీ వెంటనే నచ్చింది. 'ర్సి'కి ముందున్న 'వ' గురువు. ఆంగ్లేయులు ప్రధానంగా ఊని పలికేదీ ఆ 'వర్'నే. అయితే అది కాకతాళీయమని నా మనవి. చివరి 'టీ' కూడా గురువే, మన కండక్టరు సాగదీసేదీ దానినే. ఆంగ్లంలో మాత్రం దాని మీద ఊనిక లేదు.

'రెస్పాన్సిబిలిటీ'కి గురులఘువులు గుర్తించి చూడండి. రె, స్పా గురువులు, న్సి, బి, లి లఘువులు (తేలికైన హ్రస్వాక్షరాలు), టీ గురువు; మూడేసి అక్షరాల గణాలుగా చూస్తే వెరసి ఒక తగణం, ఒక సగణం. ఆంగ్లంలో ప్రధానమైన ఊనిక పడేది నాలుగోదైన 'బి' మీద, అంటే మన లెక్కలో అచ్చమైన లఘువు మీద. 'స్పాన్' మీద ఉన్నది రెండవ స్థాయి ఊనిక. 'రెస్పాన్సిబుల్' అన్నప్పుడు ప్రధానమైన ఊనిక ఆ 'స్పాన్' మీదే ఉండేది గాని, 'ఇటీ' అనే ప్రత్యయం వచ్చి చేరగానే దానిని తనకు సరిగ్గా ముందున్న అక్షరం మీదికి లాక్కుంది. 'ఎలక్ట్రిక్'లో రెండో అక్షరం మీద ఉన్న ఊనిక 'ఎలక్ట్రిసిటీ'లో మూడోదైన 'ట్రి' మీదికి జరగడానికీ ఇదే కారణం. కనుక 'యూనివర్సిటీ'లోనూ పని చేసినది గురుత్వం కాదు, ఈ ప్రత్యయమే. తెలుగు వాక్యంలో ఈ మాటలను మన గురులఘువులతోనే పలుకుతాము, అందులో తప్పేమీ లేదు. ఆంగ్ల పాఠంలో మాత్రం పిల్లలకు ఆ సూత్రం చెప్పకపోవడమే మేలు.

ఇక మీరు అడిగిన 'రెస్పాన్సిబిలిటీ' పద విభజన. ఉచ్చారణను బట్టి విడదీస్తే రి-స్పాన్-సి-బిల్-ఇ-టి అని ఆరు ముక్కలవుతాయి. నిర్మాణాన్ని బట్టి విడదీస్తే రెస్పాన్స్, ఇబిల్, ఇటీ అని మూడే. మొదటి భాగానికి చెందిన సకారం పలుకుబడిలో పక్క అక్షరంలోకి వెళ్లిపోయింది. మన 'వాడెవడు'లో జరిగినదీ ఇదే కదా! 'వాడు'లోని డకారమూ, 'ఎవడు' మొదటి అచ్చూ కలిసి 'డె' అనే ఒక్క అక్షరంలో ఇమిడిపోయాయి. 'ఇబుల్' కాస్తా 'ఇబిల్' కావడం కూడా ఈ మాటకే ప్రత్యేకం కాదు. 'పాసిబుల్' నుంచి 'పాసిబిలిటీ' వచ్చినదీ ఆ దారినే.