‘చివరి క్షణంలో పుంజుకుని గెలిచింది’ – ఇందులో రెండు తప్పులేమిటి?

సభ్యులకు నమస్కారం. ఇండియానాలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతుంటాను. చదివించడానికి నెలకో పేజీ నేనే రాసిస్తాను. నక్క, ద్రాక్షపళ్ళు అంటే ఆవలిస్తున్నారని ఈసారి బాస్కెట్‌బాల్ ఎత్తుకున్నాను.

సంగతి ఇదీ. 1998 మార్చి 13, ఓక్లహోమా సిటీ. అమెరికా కాలేజీల జాతీయ టోర్నీలో మొదటి రౌండు. ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ ముద్దుపేరు) నాలుగో సీడు, అంటే టోర్నీలో ఇచ్చిన ర్యాంకు; అంకె చిన్నదైతే జట్టు గట్టిది. ఎదుట మా రాష్ట్రంలోని చిన్న లూథరన్ యూనివర్సిటీ వాల్పరేజో, పదమూడో సీడు. ఓల్ మిస్ 69–67తో ముందుంది. ఆట ముగియడానికి 4.1 సెకన్లు. ఓల్ మిస్ మేటి ఆటగాడు ఆన్సూ సెసే రెండు ఫ్రీ త్రోలు వెయ్యాలి, ఒక్కోదానికి ఒక పాయింటు. ఒక్కటి పడినా చాలు, వాల్పరేజో మూడు పాయింట్ల షాట్ వేసినా స్కోరు సమం అవుతుందే తప్ప గెలుపు రాదు. రెండూ తప్పాయి. పెనుగులాటలో బంతి ఓల్ మిస్ వాళ్ళకి తగిలి గీత దాటింది. గడియారంలో 2.5 సెకన్లు. వాల్పరేజో వెయ్యాల్సిన రింగు కోర్టుకి అటు చివర ఉంది.

కోచ్ హోమర్ డ్రూ ‘పేసర్’ అని వాళ్ళు పిలుచుకునే ఎత్తు వేయించాడు. జేమీ సైక్స్ గీత బయట నిలబడి, సగం కోర్టు దాటేలా బంతి విసిరాడు. బిల్ జెంకిన్స్ ఎగిరి అందుకుని, కాళ్ళు నేలకి ఆనకముందే పక్కకి తోసేశాడు. అక్కడ పరుగెత్తుతూ వచ్చింది బ్రైస్ డ్రూ, కోచ్ గారబ్బాయే. మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేశాడు. పడింది. 70–69. అంతకు కొన్ని సెకన్ల ముందు అతనే వేసిన మూడు పాయింట్ల షాట్ ఒకటి తప్పింది. పిల్లలకి అది కూడా చెప్పాలి కదా, రాశాను.

ఆఖరి వాక్యం: ‘చివరి క్షణంలో పుంజుకుని వాల్పరేజో గెలిచింది.’

మా మామగారికి పంపాను. ముప్పై ఏళ్ళు తెలుగు పండితులుగా చేశారు. ఫోన్ చేసి, ‘పేజీ బాగుందమ్మా. ఆఖరి వాక్యంలో రెండు తప్పులున్నాయి. ఏమిటో నువ్వే పట్టుకో’ అని పెట్టేశారు. రెండు రోజులైంది. నాకు తోచడం లేదు. చెప్పి పుణ్యం కట్టుకోండి.

తెనాలి నుంచి:
మొదటిది ‘పుంజుకుని’. అందులో సందేహం లేదు. పుంజుకోవడానికి వ్యవధి కావాలి. జ్వరం తగ్గి మనిషి పుంజుకుంటాడు. తొలకరికి ఎండిన చేను పుంజుకుంటుంది. రెండున్నర సెకన్లలో ఎవరైనా పుంజుకుంటారా అమ్మా?

భీమవరం నుంచి:
కోడిపుంజులా తిరగబడి కొట్టడమే కదా అండీ పుంజుకోవడం? కిందపడ్డ కోడి లేచి ఒక్క దెబ్బలో పందెం కొట్టడం మా వైపు ప్రతి సంక్రాంతికీ చూస్తాం. సెకను కూడా పట్టదు.

తెనాలి నుంచి:
బాబూ, కోడి వేరు, ఇది వేరు. ఇక్కడిది సంస్కృతం పుంజము. రాశి, కుప్ప అని అర్థం. తేజఃపుంజం అంటాం చూడు. కొంచెం కొంచెం పోగుపడి రాశి కావడం పుంజుకోవడం. అయినా నీ పోలిక బాగుంది, కాదనను.

చీరాల నుంచి:
నేత ఇళ్ళలో ‘పుంజం’ ఇంకో రకంగా తెలుసు. పడుగు పోగుల్ని లెక్కపెట్టే కొలత అది. పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ చిక్కన. కంపెనీ వాళ్ళ రోజుల్లో గోదావరి, విశాఖ వైపు తానుల నాణ్యత పుంజాల్లోనే చెప్పుకునేవారట. మా నాన్న పడుగు చేస్తుంటే పోగులు ఎంచడం నా పని, అందుకే గుర్తు. పోగు పక్కన పోగు చేరితేనే పుంజం. ఒక్క పోగుని పుంజం అనరు. మాస్టారి మాటే రైటు.

డల్లాస్ నుంచి:
పుంజుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే 2016 చూడండి అక్కా. ఊరు మళ్ళీ ఓక్లహోమా సిటీయే. నార్తర్న్ అయోవా అని మరో చిన్న జట్టు, టెక్సస్ ఏ అండ్ ఎం మీద 12 పాయింట్లు ముందుంది. మిగిలింది 44 సెకన్లు. జనం లేచి వెళ్ళిపోయే టైమ్ అది. నార్తర్న్ అయోవా కుర్రాళ్ళకి బంతిని కోర్టులోకి తెచ్చుకోవడమే చేతకాలేదు, ఏ అండ్ ఎం వాళ్ళు లాక్కోవడం, వెయ్యడం, మళ్ళీ లాక్కోవడం. 12 పాయింట్లూ పూడ్చేశారు. రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి 92–88తో గెలిచారు. పోగు పక్కన పోగు అంటే ఇదే కదా.

ఇంకో విచిత్రం. అదే నార్తర్న్ అయోవా రెండు రోజుల ముందు టెక్సస్ యూనివర్సిటీ జట్టు (ఏ అండ్ ఎం కాదు, అది వేరే) మీద గెలిచింది ఎలాగో తెలుసా? సగం కోర్టు నుంచి విసిరిన బంతి, గంటతో పాటు రింగులో పడి. 75–72. శుక్రవారం ఒక్క దెబ్బతో దొరికింది, ఆదివారం కొంచెం కొంచెంగా పోయింది.

తెనాలి నుంచి:
బాగా చెప్పావు నాయనా. శుక్రవారం గెలుపుకి ‘పుంజుకున్నారు’ పనికిరాదు, ఆదివారం గెలుపుకి అదే సరైన మాట.

హైదరాబాద్ నుంచి:
ఇంగ్లీషు వాళ్ళు రెంటినీ కమ్‌బ్యాక్ అనే అంటారు, అక్కడే వచ్చింది తంటా. మా పత్రికలో ఓసారి ఒక కుర్ర సబ్ ఎడిటర్ ‘జట్టు అద్భుత పునరాగమనం’ అని హెడ్డింగ్ పెట్టాడు. వినాయకుణ్ణి నిమజ్జనానికి పంపేటప్పుడు అనే మాట బాబూ అది అని మార్పించాం.

అనంతపురం నుంచి:
‘చావు తప్పి కన్ను లొట్టపోయింది’ అంటే సరిపోదా?

తెనాలి నుంచి:
సరిపోదు. అందులో నష్టం ఉండాలి. ప్రాణం దక్కింది, కన్ను పోయింది. వాల్పరేజో వాళ్ళకి ఏం పోయిందని?

వరంగల్ నుంచి, పీడీని:
గెలిచినోళ్ళ దిక్కు నుంచే చూస్తున్నరు అందరు. ఓడినోళ్ళ దిక్కు నుంచి చూస్తే మాట తయారుగ ఉన్నది: నోటికాడి బుక్క పాయె. సెసే ఆ ఏడు వాళ్ళ కాన్ఫరెన్స్‌కే, అంటే వాళ్ళ కాలేజీల లీగుకే, ఉత్తమ ఆటగాడు. అసుంటోడు రెండు ఫ్రీ త్రోలు ఇడిసిండంటే ఎంత బరువు ఉండెనో ఆ చేతుల మీద. నేను ముప్పై ఏండ్ల సంది పిల్లలతోని ఫ్రీ త్రోలు ఏపిస్తున్న. ఉత్తప్పుడు పదికి ఎనిమిది ఏసేటోడు ఆఖరికి రెండు కూడ ఎయ్యడు.

మన ఆటల దగ్గరి మాట కావాలంటే ‘ఆఖరి కూత’ ఉన్నది. కబడ్డీల ఒక్క పాయింటు తక్కువున్నప్పుడు ఆఖరి కూతకు పోయేటోని గుండె ఎట్ల కొట్టుకుంటదో, 2.5 సెకన్లప్పుడు బ్రైస్ డ్రూది గట్లనే కొట్టుకున్నది.

హైదరాబాద్ నుంచి:
‘ఆఖరి కూత’ అద్భుతం సార్. ‘కొసమెరుపు’ అందామనుకున్నాను గానీ అది కథకుడు ముందే దాచిపెట్టుకున్న మెరుపు. ఇక్కడ దాచినవాడెవడూ లేడు.

ఇండియానా నుంచి (అడిగింది నేనే):
సరే, ‘పుంజుకుని’ కొట్టేశాను. రెండోది ఏది? ‘వాల్పరేజో’ స్పెల్లింగా? చిలీలో రేవు పట్టణం వాల్పరాయీసో. డేవిడ్ పోర్టర్ అనే నౌకాధికారి 1814లో అక్కడ యుద్ధం చేశాడు, మా జిల్లాకి ఆయన పేరూ, ఊరికి ఆ రేవు పేరూ పెట్టారు. కానీ ఇక్కడి వాళ్ళు రేజో అనే పలుకుతారు, ముద్దుగా వాల్పో అంటారు. అందుకే అలా రాశాను.

రాజమండ్రి నుంచి:
ఊరి పేరు ఆ ఊరివాళ్ళు పలికినట్టే రాయాలి, అది తప్పు కాదు. మీ మామగారు పట్టుకున్నది ‘క్షణం’ అయ్యుంటుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

అమరకోశం లెక్క ప్రకారం 18 నిమేషాలు ఒక కాష్ఠ. 30 కాష్ఠలు ఒక కళ. 30 కళలు ఒక క్షణం. 12 క్షణాలు ఒక ముహూర్తం. రోజుకి 30 ముహూర్తాలు, అంటే ముహూర్తం 48 నిమిషాలు. దాన్ని 12తో భాగించండి. క్షణం అంటే నాలుగు నిమిషాలు! ‘ఒక్క క్షణం ఆగండి’ అని బ్యాంకులో కూర్చోబెట్టేవాళ్ళు అమరుడి లెక్కే పాటిస్తున్నారని నాకు ఎప్పటి నుంచో అనుమానం.

ఇక నిమిషం చూడండి. అది నిమేషమే. రెప్పపాటు. రెప్ప వెయ్యరు కాబట్టే దేవతలు అనిమిషులు, దమయంతి స్వయంవరంలో అసలు నలుణ్ణి పోల్చుకున్నది ఆ గుర్తుతో కూడానే. పై లెక్కన క్షణానికి 16,200 నిమేషాలు, అంటే సెకనుకి అరవై ఏడున్నర. నిజం రెప్ప అంత వేగంగా పడదనుకోండి. ఆ రేటున 2.5 సెకన్లంటే దాదాపు 169 నిమేషాలు.

అంటే మాటలు రెండూ చోట్లు మార్చుకున్నాయి. పెద్దదైన క్షణం చిటికెకి కుంచించుకుపోయింది, రెప్పపాటుగా ఉన్న నిమిషం అరవై సెకన్లకి సాగింది. ‘చివరి నిమిషంలో గెలిచింది’ అని రాస్తే నేటి పాఠకుడికి ఒక నిమిషం, అమరుడికి ఒక రెప్పపాటు. ‘చివరి క్షణంలో’ అంటే ఆయనకి ఆఖరి నాలుగు నిమిషాలు, సగం మంది ఇంకా పల్లీలు తింటూ ఉంటారు.

డల్లాస్ నుంచి:
వామ్మో. అయితే ‘చివరి రెప్పపాటులో’ అని రాసెయ్యొచ్చుగా?

వరంగల్ నుంచి, పీడీని:
రాయచ్చు గని ఒక్క మాట. ఆ 2.5 సెకన్లు సైక్స్ విసిరినప్పుడు మొదలు కాలే. బయటి నుంచి ఏసిన బాల్‌కు కోర్టు లోపల ఎవరన్న చెయ్యి తగిలినంకనే గడియారం నడుస్తది. బాల్ గాల్లె అంత దూరం పోతుంటే సమయం నిలబడే ఉన్నది. జెంకిన్స్ చెయ్యి తాకినంక మొదలైంది. అట్లనే, చేతిల నుంచి బాల్ ఇడిసినంక గంట మోగినా బాస్కెట్ చెల్లుతది. గంటకు ముందు ఇడువాలె, అంతే. ‘పేసర్’ల కిటుకంత గిదే. ఈ రెండు సూత్రాలు పిల్లలకు చెప్పు బిడ్డా, మాటకన్న అది ముఖ్యం.

ఇండియానా నుంచి:
చెబుతాను సార్. వీడియో ఇప్పటికి వందసార్లు చూసి ఉంటాను, ఈ గడియారం సంగతి ఇప్పుడే తట్టింది.

భీమవరం నుంచి:
తర్వాత ఏమైందో చెప్పలేదు మీరు. కప్పు కొట్టారా?

ఇండియానా నుంచి:
లేదు తమ్ముడూ. ఫ్లోరిడా స్టేట్ మీద ఓవర్‌టైమ్‌లో ఇంకో ఆట గెలిచి, చివరి పదహారు జట్లలో రోడ్ ఐలండ్ చేతిలో ఓడిపోయారు. అప్పుడు నాన్న దగ్గర సహాయ కోచ్‌గా ఉన్న పెద్దకొడుకు స్కాట్, 2021లో బేలర్ యూనివర్సిటీ కోచ్‌గా ఆ కప్పు కొట్టాడు.

(మర్నాడు) ఇండియానా నుంచి:
అందరికీ దణ్ణం. ‘ఆఖరి రెప్పపాటులో ఆటని లాక్కుని వాల్పరేజో గెలిచింది’ అని మార్చి, అమరకోశం లెక్కతో సహా మామగారికి వినిపించాను. పుంజుకోవడం ఒకటి సరిగ్గానే పట్టుకున్నారుట. క్షణం మాత్రం తప్పు కాదుట. ‘జనం నోట్లో స్థిరపడ్డాక అమరకోశం పట్టుకుని వేలాడతామా? ఆ రాజమండ్రి ఆయనకి నా నమస్కారాలు చెప్పు, లెక్క బాగా కట్టారు’ అన్నారు.

రెండో తప్పు ‘గెలిచింది’ట. ఊరూ యూనివర్సిటీ గెలవడమేమిటి, పిల్లలు గెలిచారు అని రాయమన్నారు.

హైదరాబాద్ నుంచి:
అలా అయితే ‘భారత్ గెలిచింది’ అని రోజూ మేం వేసే హెడ్డింగుల సంగతేమిటి?

ఇండియానా నుంచి:
అదీ అడిగానండీ. ‘అవీ తప్పే’ అన్నారు.